నెలసరి ఆగాక గుండె: హార్మోన్ మాత్రలు ఎవరికి, ఎప్పుడు

(ఒక పట్టణ గ్రంథాలయంలో మహిళల కోసం జరిగిన ఆరోగ్య సభలో ఒక స్త్రీల వైద్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా అక్షరాల్లో పెట్టాం.)

నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది కాబట్టి నేను కాస్త గట్టిగానే మాట్లాడతాను.

ముప్ఫై ఏళ్లకు పైగా ఆడవాళ్ల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈ రోజు నన్ను మాట్లాడమన్నది నెలసరి ఆగిపోయాక వాడే హార్మోన్ మాత్రల గురించి. హెచ్ఆర్‌టీ అంటారు. అవి గుండెకు మంచివా, చెడ్డవా, ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్ అని అడుగుతుంటారు. ఒక్క ముక్కలో చెప్పబోయి మా వైద్యలోకం రెండుసార్లు పొరపడింది. ఆ రెండో పొరపాటులో నేనూ ఉన్నాను. అందుకే ముందు ఒక మనిషి గురించి చెప్తాను, తర్వాత మాత్రల దగ్గరకు వద్దాం.

కొన్నేళ్ల కిందట ఒకావిడ నా దగ్గరకు వచ్చింది. వయసు నలభై ఒకటి. మిరప కోతలకు కూలికి వెళ్తుంది. "ఒంట్లోంచి సెగలు పుడుతున్నాయి డాక్టరమ్మా, రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు, నాలుగు అడుగులు గబగబా వేస్తే ఆయాసం" అంది. బీపీ చూస్తే 160కి 100 ఉంది. ముట్టు ఎప్పుడు ఆగిందమ్మా అని అడిగాను. "నాకు ముట్టెక్కడిదమ్మా, ముప్ఫై మూడో ఏటే పెద్దాపరేషన్ చేశారుగా" అంది. గర్భసంచి ఒక్కటే తీశారా, పక్కన అండాశయాలు కూడా తీశారా అని అడిగితే నా మొహం వంక చూసింది. రెండూ వేరు వేరని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. "అన్నీ తీసేశాం, ఇంక ఏ బాధా ఉండదన్నారు" అంది.

సంచిలోంచి ఒక పాలిథిన్ కవరు తీసింది. అందులో నాలుగు మడతలు పెట్టిన డిశ్చార్జి కాగితం. మడతల దగ్గర చిరిగిపోతే ప్లాస్టర్ అంటించి ఉంది. పదిలంగా దాచుకుంది, కానీ దాని మీద ఏముందో తెలియదు. ఇంగ్లీషులో రాసి ఉంది: టీఏహెచ్, పక్కనే బీఎస్ఓ. టీఏహెచ్ అంటే పొట్ట కోసి గర్భసంచి మొత్తం తీసేశారని. బీఎస్ఓ అంటే రెండువైపులా ట్యూబులు, అండాశయాలు కూడా తీసేశారని. ముప్ఫై మూడేళ్ల పిల్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ తయారయ్యే చోటు ఒక్క పూటలో లేకుండా పోయింది. ఎనిమిదేళ్లపాటు ఆ విషయం ఆవిడకు తెలియదు. బీపీ కూడా ఎవరూ చూడలేదు.

ఈస్ట్రోజెన్ అనగానే ముట్టు రావడానికి, పిల్లలు పుట్టడానికి పనికొచ్చేదేగా అనుకుంటాం. దాని పని ఒళ్లంతా ఉంటుంది. రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు తయారవుతుంది. నాళాన్ని మెత్తగా, సాగేలా ఉంచేది అదే. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం అది బాగా తయారవుతుంది. చెడ్డ కొలెస్ట్రాల్ అంటామే, ఎల్‌డీఎల్, దాన్ని కాలేయం రక్తంలోంచి లాగేసుకోవడానికి కూడా ఈస్ట్రోజెన్ సాయం చేస్తుంది. అమెరికాలో స్వాన్ అనే పరిశోధనలో మధ్యవయసు ఆడవాళ్లను ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. చివరి ముట్టుకు అటూ ఇటూ ఉన్న ఏడాదిలోనే ఎల్‌డీఎల్ గబుక్కున పెరుగుతుందని అందులో తేలింది. వయసుతోపాటు మెల్లగా పెరిగేది వేరు, ఇది వేరు. అదే సమయంలో కొవ్వు తుంటి దగ్గర నుంచి పొట్టలోకి చేరుతుంది. మీకే తెలిసి ఉంటుంది, పాత జాకెట్టు చేతుల దగ్గర సరిపోతుంది, లంగా బొందు కట్టుకునే చోటే బిగుతు. బరువు తూస్తే పెద్దగా తేడా ఉండదు. ఆ పొట్టలోపలి కొవ్వే షుగర్‌నీ బీపీనీ వెంటబెట్టుకొస్తుంది.

ముట్లున్నంతకాలం ఆడవాళ్లకు మగవాళ్లకంటే గుండెపోట్లు తక్కువ. ఆగాక ఆ తేడా తగ్గుతూ వస్తుంది. షుగర్ ఉన్న ఆడవాళ్లకైతే ముట్లున్నప్పుడు కూడా ఆ రక్షణ సరిగ్గా ఉండదు. పాశ్చాత్య దేశాల్లో ముట్లు సగటున 51 ఏళ్లకు ఆగితే మన దేశంలో 46, 47కే ఆగుతున్నాయి. అంటే మనకు ఈ కథ ముందే మొదలవుతుంది.

ఇదంతా చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? పోయిన హార్మోన్ మళ్లీ ఇచ్చేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. డాక్టర్లకూ అదే అనిపించింది. 1942లో అమెరికాలో ప్రెమారిన్ అనే మాత్ర వచ్చింది. కడుపుతో ఉన్న ఆడగుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ అది. అవునమ్మా, నిజమే, గుర్రాల మూత్రం నుంచే. సెగలు తగ్గడానికి చాలా బాగా పనిచేసింది. 1975లో దానివల్ల గర్భసంచి లోపొర కాన్సర్ పెరుగుతోందని బయటపడింది. అప్పటి నుంచి గర్భసంచి ఉన్నవాళ్లకు దాంతోపాటు ప్రొజెస్టరాన్ జాతి మందు కూడా ఇవ్వడం మొదలైంది. ఇది గుర్తుపెట్టుకోండి: ఆ రెండో మందు గర్భసంచిని కాపాడటానికి. గర్భసంచి లేనివాళ్లకు మామూలుగా దాని అవసరం లేదు.

ఇక గుండె సంగతి. 1976లో అమెరికాలో 1,21,700 మంది నర్సులతో ఒక పెద్ద పరిశీలన మొదలైంది. హార్మోన్లు వాడుతున్న నర్సులకు గుండెజబ్బు దాదాపు సగమే ఉందని అందులో లెక్క తేలింది. దాంతో 1990ల నాటికి 'ముట్లు ఆగాయా, గుండె కోసం ఇది వేసుకోండి' అని అరవై దాటినవాళ్లకు కూడా రాసేశారు.

ఆ లెక్కలో తిరకాసు ఎక్కడుందో చూడండి. తిరుమల వెళ్లేవాళ్లలో కొందరు అలిపిరి నుంచి మెట్లెక్కి వెళ్తారు, కొందరు బస్సులో వెళ్తారు. కొండమీద వీళ్లందరికీ గుండె పరీక్షలు చేస్తే మెట్లెక్కినవాళ్ల గుండెలే బాగుంటాయి. అంటే ఆ పూట మెట్లెక్కడం వల్ల గుండె బాగుపడిందా? గుండె, మోకాళ్లు బాగున్నవాళ్లే మెట్ల దారి పట్టారు. హార్మోన్ మాత్రలు వాడిన ఆడవాళ్లు కూడా అలాంటివాళ్లే. చదువుకున్నవాళ్లు, డబ్బున్నవాళ్లు, సిగరెట్లు తక్కువ తాగేవాళ్లు, ఏటా డాక్టరు దగ్గరకు వెళ్లేవాళ్లు. మాత్ర వేసుకోకపోయినా వాళ్ల గుండెలు బాగానే ఉండేవేమో.

పైగా హెచ్చరిక అంతకుముందే వచ్చింది. 1960ల చివర్లో అమెరికాలో గుండెపోటు వచ్చిన మగవాళ్లకు ఈస్ట్రోజెన్ ఇచ్చి చూశారు. మేలు జరక్కపోగా గుండెపోట్లు, రక్తం గడ్డలు ఎక్కువయ్యాయి. మధ్యలోనే ఆపేశారు. మగవాళ్ల సంగతి కదా అని వదిలేశారు. 1998లో హెర్స్ అనే పరిశోధన వచ్చింది. అప్పటికే గుండెజబ్బు ఉన్న 2,763 మంది ఆడవాళ్లను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు హార్మోన్లు, ఒక గుంపుకు మందు లేని ఉత్తి మాత్రలు ఇచ్చారు. నాలుగేళ్లు చూస్తే ఏ మేలూ లేదు. మొదటి ఏడాది గుండెపోట్లు హార్మోన్ గుంపులోనే ఎక్కువ.

2002 జూలైలో అసలు పిడుగు పడింది. ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అని, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ డబ్బుతో జరిగిన పరిశోధన. గర్భసంచి ఉన్న 16,608 మందికి, 50 నుంచి 79 ఏళ్లవాళ్లకు, రెండు హార్మోన్లు కలిసిన మాత్ర లేదా ఉత్తి మాత్ర ఇచ్చారు. ఎనిమిదేళ్లకు పైగా జరగాల్సింది, అయిదేళ్ల చిల్లరకే ఆపేశారు. 'హార్మోన్ మాత్రలతో గుండెపోట్లు 29 శాతం, రొమ్ము కాన్సర్లు 26 శాతం పెరిగాయి' అని ప్రపంచమంతా పేపర్లలో వచ్చింది. అమెరికాలో ఆ మాత్ర అమ్మకాలు ఏడాది తిరక్కుండా సగానికి పైగా పడిపోయాయి.

ఈ 29 శాతాన్ని మనుషుల లెక్కలోకి మార్చి చూద్దాం. పదివేలమంది ఆడవాళ్లున్నారు అనుకోండి. ఉత్తి మాత్ర వేసుకుంటే ఏడాదిలో వాళ్లలో 30 మందికి గుండెజబ్బు దెబ్బ తగిలింది. హార్మోన్ వేసుకుంటే 37 మందికి. అంటే పదివేలకు 7 మంది ఎక్కువ. పక్షవాతం 8 మందికి ఎక్కువ, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు 8 మందికి ఎక్కువ, రొమ్ము కాన్సర్ 8 మందికి ఎక్కువ. తుంటి ఎముక విరగడం 5 మందికి తక్కువ, పెద్దపేగు కాన్సర్ 6 మందికి తక్కువ. చనిపోయినవాళ్ల సంఖ్యలో తేడా లేదు. ఆ ఏడుగురూ ఏడుగురు మనుషులే, వాళ్లను తేలిగ్గా తీసేయమని నేను అనడం లేదు. కానీ '29 శాతం' విన్నప్పుడు కలిగిన భయం, 'పదివేలలో ఏడుగురు' అంటే కలుగుతుందా? ఆలోచించండి.

ఆ వార్త చదివిన వారంలోనే నేనేం చేశానో చెప్తాను. నా దగ్గర ఆ మాత్రలు వాడుతున్న ప్రతి ఒక్కరికీ ఆపేయమని చెప్పాను. వాళ్లలో ఒక టీచరమ్మ ఉంది, 38 ఏళ్లు. గడ్డల వల్ల రెండు అండాశయాలూ తీసేయాల్సి వచ్చినావిడ. "వేసుకుంటే హాయిగా ఉంది కదండీ, ఎందుకు ఆపాలి?" అని అడిగింది. "గుండెకు ప్రమాదమమ్మా, పేపర్లో చూడలేదా" అన్నాను. ఆ పరిశోధనలో ఆవిడ వయసు మనిషి ఒక్కరు కూడా లేరు. చేరినవాళ్ల సగటు వయసు 63. అరవై మూడేళ్లావిడ ఫలితం తెచ్చి ముప్ఫై ఎనిమిదేళ్లావిడ మీద రుద్దాను. ఆ తర్వాత ఆవిడ బదిలీ అయి వెళ్లిపోయింది, మళ్లీ కలవలేదు. ఈ సభకు రమ్మంటే వెంటనే ఒప్పుకోవడానికి ఆవిడ కూడా ఒక కారణం.

2004లో అదే పరిశోధన రెండో భాగం వచ్చింది. గర్భసంచి తీసేసిన 10,739 మందికి ఒక్క ఈస్ట్రోజెనే ఇచ్చారు. పక్షవాతం పెరిగింది, నిజం. గుండెపోట్లు మాత్రం పెరగలేదు. రొమ్ము కాన్సర్ పెరక్కపోగా కాస్త తక్కువే కనిపించింది. ఈ వార్తకు మాత్రం మొదటి వార్తకు వచ్చినంత పెద్ద అక్షరాలు రాలేదు.

2007లో పాత లెక్కలనే తీసి, ముట్లు ఆగి ఎన్నేళ్లయిందన్నదాన్ని బట్టి విడదీశారు. ఆగి పదేళ్లలోపు మొదలుపెట్టినవాళ్లలో గుండెజబ్బు తగ్గే వైపు మొగ్గు ఉంది. ఇరవై ఏళ్లు దాటాక మొదలుపెట్టినవాళ్లలో పెరిగింది. ఎందుకై ఉంటుంది? మొక్కై వంగనిది మానై వంగునా అంటాం కదా. నాళం గోడ ఇంకా మెత్తగా ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ అందితే అది దాన్ని అలాగే ఉంచగలదు. గోడలో కొవ్వు పేరుకుని, గట్టిపడి, పుండులా తయారయ్యాక అదే ఈస్ట్రోజెన్ ఇస్తే ఆ పుండు చిట్లి, మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. డాక్టర్లు దీన్ని టైమింగ్ హైపోథెసిస్ అంటారు.

దీన్ని పరీక్షించడానికి ఎలైట్ అని 643 మందితో ఒక పరిశోధన చేశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. ముట్లు ఆగి ఆరేళ్లలోపు ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ఇస్తే మెడ దగ్గరి రక్తనాళం గోడ మందమయ్యే వేగం తగ్గింది. పదేళ్లు దాటినవాళ్లకు ఇస్తే ఏ తేడా లేదు. అయితే కీప్స్ అనే మరో పరిశోధనలో, ముట్లు ఆగి మూడేళ్లలోపు ఉన్న 727 మందికి నాలుగేళ్లు ఇచ్చినా నాళం గోడలో తేడా రాలేదు. డెన్మార్క్‌లో వెయ్యిమందిని పదేళ్లు చూస్తే, తొందరగా మొదలుపెట్టినవాళ్లలో మరణాలు, గుండెపోట్లు, గుండె బలహీనపడటం కలిపి 16 ఉంటే, వాడనివాళ్లలో 33. వినడానికి బాగుంది, కానీ అది అసలు ఎముకల కోసం మొదలుపెట్టిన పరిశోధన, ఎవరు మందు వాడుతున్నారో అందరికీ తెలుసు. నేను దాన్ని నెత్తిన పెట్టుకోను.

కాబట్టి నా మాట సూటిగా చెప్తాను. గుండెపోటు రాకుండా ఉండటానికని నేను ఎవరికీ హార్మోన్ మాత్రలు రాయను. 2022లో అమెరికా నివారణ వైద్య నిపుణుల బృందం కూడా అదే చెప్పింది. అదే సమయంలో, యాభై ఏళ్లావిడ సెగలతో, చెమటలతో, నిద్ర లేక నరకం పడుతుంటే, 'గుండెకు ప్రమాదం' అని భయపెట్టి మందు ఇవ్వకపోవడం కూడా తప్పే. అరవై ఏళ్లలోపు, ముట్లు ఆగి పదేళ్లలోపు ఉండి, గుండెజబ్బు, పక్షవాతం, రక్తం గడ్డలు, రొమ్ము కాన్సర్, కారణం తెలియని రక్తస్రావం, కాలేయం జబ్బు లేనివాళ్లకు చాలావరకు నష్టం కంటే లాభమే ఎక్కువ. 2025 నవంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఈ మందుల డబ్బాల మీద గుండెజబ్బు గురించి ఉన్న నల్ల గీతల హెచ్చరికను తీసేయిస్తామని ప్రకటించింది. దాన్ని చూసి ఇక అందరూ వేసుకోవచ్చని మళ్లీ మొదటి పొరపాటు వైపు పరిగెత్తకూడదు. అరవై అయిదేళ్లావిడకు ఆ ప్రమాదం ఇప్పటికీ నిజమే.

మందు ఏ దారిన లోపలికి వెళ్తుందన్నది కూడా ముఖ్యం. నోట్లో వేసుకున్న మాత్ర పేగుల నుంచి నేరుగా కాలేయానికి వెళ్తుంది. అక్కడ రక్తం గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే ఒక రకం కొవ్వును పెంచుతుంది. చర్మానికి రాసుకునే జెల్ గానీ, అంటించుకునే పట్టీ గానీ అయితే రక్తంలోకి మెల్లగా దిగుతుంది, కాలేయం మీద ఆ దెబ్బ ఉండదు. మాత్ర వాడినవాళ్లలో కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు పెరిగాయని, జెల్, పట్టీ వాడినవాళ్లలో పెరగలేదని ఫ్రాన్స్‌లో జరిగిన ఎస్తర్ పరిశోధన చూపించింది. బీపీ ఉన్నవాళ్లకు, లావుగా ఉన్నవాళ్లకు నేను జెల్ వైపే మొగ్గుతాను. ఇంకో మాట, టిబొలోన్ అనే మాత్ర మన దగ్గర కూడా రాస్తుంటారు. అరవై దాటినవాళ్లకు అది ఇస్తే పక్షవాతం రెట్టింపైందని తేలి ఒక పెద్ద పరిశోధన ఆపేశారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా వాడుతుంటే ఒకసారి డాక్టరుతో మాట్లాడండి.

ఇప్పుడు మిరప కోతలకు వెళ్లే ఆవిడ దగ్గరకు వద్దాం. ఈ వాదోపవాదాలన్నీ యాభై ఏళ్లకు సహజంగా ముట్లు ఆగినవాళ్ల గురించి. ముప్ఫై మూడేళ్లకే అండాశయాలు పోయినవాళ్ల విషయంలో డాక్టర్ల మధ్య ఇంత గొడవ లేదు. 45 ఏళ్లలోపే అవి పోతే గుండెజబ్బు, ఎముకలు గుల్లబారడం పెరుగుతాయి. అందుకని వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా ముట్లు ఆగే వయసు వచ్చేవరకు ఈస్ట్రోజెన్ ఇవ్వాలి. ఇది అదనంగా ఇచ్చేదేం కాదు, ఉండాల్సింది తిరిగి పెట్టడం. అసలు అవసరమైనవాళ్లు వీళ్లు. వీళ్లకే ఎవరూ చెప్పరు.

వీళ్లు ఎంతమంది అనుకుంటున్నారు? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగారు. గర్భసంచి తీసేసినవాళ్లు దేశమంతా కలిపి వందకు 3 పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో వందకు 8 మందికి పైగా. తెల్లబట్ట అవుతోందని, నడుం నొప్పని, కాన్సర్ వస్తుందేమోనని, 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు ఆ సంచి' అని తీసేసినవి వీటిలో ఎన్నో ఉన్నాయి. నా ఓపీలో ప్రతి వారం చూస్తాను. 2022లో కేంద్రం అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాటిని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. ఇక మీద జరిగేవాటి సంగతి అది. ఇప్పటికే జరిగిపోయినవాళ్ల గురించి ఎవరు పట్టించుకుంటారు?

గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచినా నిశ్చింతగా ఉండటానికి లేదు. కొందరిలో అవి మామూలు కంటే కొన్నేళ్లు ముందే అలిసిపోతాయి. ముట్టు ఎలాగూ రాదు కాబట్టి, అవి ఎప్పుడు ఆగిపోయాయో ఆ మనిషికి తేలిగ్గా తెలియదు.

ఆవిడకు ముందు బీపీ మాత్ర మొదలుపెట్టాను, గుండె, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించాను. తర్వాత జెల్ రాశాను. "నొప్పి మందులా రుద్దాలా అమ్మా?" అని అడిగింది. రుద్దకూడదు, స్నానం చేసి ఒళ్లు పొడిగా తుడుచుకుని చేతి మీదో తొడ మీదో పలచగా పూసి ఆరనివ్వాలి అని నా చేతి మీదే పూసి చూపించాను. మాత్ర కంటే జెల్ ఖరీదు. కూలి డబ్బుల మీద బతికే మనిషికి అది చిన్న మాట కాదు. మధ్యలో రెండు మూడుసార్లు ఆపేసింది, మళ్లీ మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి రాత్రి నిద్ర పట్టింది. గుండెను ఆ జెల్ ఎంత కాపాడుతోందో చెప్పే కొలబద్ద నా దగ్గర లేదు. బీపీ 130కి 80కి దిగింది, అది మాత్రం గుండెను కాపాడుతుందని గట్టిగా చెప్పగలను.

అసలు గుండెకు కావలసినవాటిలో హార్మోన్ చివరిది. మీ బీపీ ఎంతో మీకు తెలుసా? చేతులెత్తండి... చూశారా, సగంమంది కూడా ఎత్తలేదు. మన దేశంలో ఆడవాళ్ల మరణాల్లో గుండె, రక్తనాళాల జబ్బులదే పెద్ద వాటా. నలభై దాటాక ఏడాదికోసారి బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. టేపుతో నడుం చుట్టుకొలత చూసుకోండి, 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. రోజుకు ఉప్పు అంతా కలిపి ఒక చిన్న టీ చెంచాడు దాటకూడదు. ఆవకాయ, ఊరుమిరపకాయలు, అప్పడాలు ఒకే కంచంలో పెట్టుకుంటే ఆ చెంచా ఆ పూటకే అయిపోతుంది. కడుపుతో ఉన్నప్పుడు బీపీ గానీ షుగర్ గానీ వచ్చినవాళ్లు ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఎప్పుడో పాతికేళ్ల కిందటి సంగతి అనుకోవద్దు, ఇప్పటి గుండెకు దాంతో సంబంధం ఉంది.

ఇంకొక్కటి. మా అక్కకు 58 ఏళ్లప్పుడు, సంక్రాంతి రోజు, దవడ లాగేస్తోందని, వాంతి వచ్చేలా ఉందని అంది. అరిసెలు ఎక్కువ తిన్నాను, గ్యాస్ పట్టిందని గ్యాస్ మాత్ర వేసుకుని పడుకుంది. ఇంటినిండా చుట్టాలు, పండగపూట అందరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని నాకు ఫోన్ కూడా చేయలేదు. మర్నాడు పొద్దున చేయించిన ఈసీజీలో గుండెపోటు కనిపించింది. బతికింది, కానీ గుండె కండరం కొంత చచ్చిపోయింది, ఇప్పుడు ఒక అంతస్తు ఎక్కితే ఆగాలి. ఆడవాళ్లకు కూడా ఎక్కువగా వచ్చేది ఛాతీ నొప్పే. దాంతోపాటు, ఒక్కోసారి అది లేకుండా, ఆయాసం, దవడ, వీపు, చెయ్యి లాగడం, వాంతి, చెమట పట్టి నీరసం కమ్మడం ఉంటాయి. ఆ చెమటను ముట్లాగిన సెగ అని కొట్టిపారేస్తారు. పది నిమిషాల్లో తీసే పరీక్ష ఈసీజీ. గ్యాస్ అని ఎవరైనా అంటే, అయినా ఒకసారి ఈసీజీ తీయండి అని నోరు తెరిచి అడగండి.

ప్రశ్నలు ఉన్నాయన్నారు. అడగండమ్మా.

(ఒక శ్రోత: నాకు 63 ఏళ్లు. ముట్లు ఆగి పదిహేనేళ్లయింది. ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?)

ఎందుకమ్మా, ఏం ఇబ్బంది? గుండె కోసమైతే వద్దు. మీ వయసులో కొత్తగా మొదలుపెడితే నష్టమే ఎక్కువ. మూత్రంలో మంట, కింద పొడిబారడం లాంటి ఇబ్బందైతే అక్కడే రాసుకునే క్రీమ్ ఉంది. అది రక్తంలోకి చాలా తక్కువ వెళ్తుంది, మీకూ పనికొస్తుంది. సిగ్గుపడకుండా మీ డాక్టరును అడగండి.

(మరో శ్రోత: మా అమ్మకు స్టెంట్ వేశారు. సెగలు మాత్రం తగ్గడం లేదు.)

ఆవిడకు హార్మోన్ వద్దు. సెగలు తగ్గించడానికి హార్మోన్ లేని మందులు ఉన్నాయి. స్టెంట్ వేసిన డాక్టరుకు, ఆడవాళ్ల డాక్టరుకు ఇద్దరికీ చూపించి రాయించుకోండి. స్టెంట్ కోసం ఇచ్చిన మాత్రలు మాత్రం ఒక్క రోజు కూడా మానకూడదు.

(ఆశా కార్యకర్త: మా ఊళ్లో పెద్దాపరేషన్ అయినవాళ్లు చాలామంది ఉన్నారు మేడమ్. వాళ్లను ఏం అడగమంటారు?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. ఆపరేషన్ ఎన్నో ఏట అయిందో రాసుకోండి. అండాశయాలు తీశారా లేదా అని అడిగితే చాలామందికి తెలియదు, వాళ్ల తప్పు కాదది. బీపీ చూడండి, షుగర్ చూడండి. కాగితం ఉందేమో అడగండి. బీరువాలోనో, దేవుడి గూట్లోనో, ట్రంకు పెట్టె అడుగునో ఉంటుంది. అందులో బీఎస్ఓ అన్న మూడు అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఇంగ్లీషు రాకపోతే ఆ ఆకారం ఇదిగో, ఈ బోర్డు మీద రాస్తున్నాను, ఫోన్‌లో ఫోటో తీసుకోండి. కాగితం పోయినవాళ్లకు స్కానింగ్‌లో, ఎఫ్ఎస్‌హెచ్ అనే రక్తపరీక్షలో కొంతవరకు తెలుస్తుంది. నలభై అయిదు దాటనివాళ్ల పేర్లు ముందు రాయండి, వాళ్లకే తొందర. వచ్చే నెల నుంచి మంగళవారం మధ్యాహ్నాలు వాళ్ల కోసమే ఖాళీ పెడతాను. ఆ పాలిథిన్ కవర్లు పట్టుకుని రమ్మనండి. నేను చదివి చెప్తాను.